మూడు ఊపిర్ల నవ్వు

అసామంకేసె,
1987 ఫిబ్రవరి 9.

చిరంజీవి డాన్సోవాకు,

నీ మేనమామ యావ్ ఒబెంగ్ ఆశీర్వదించి రాయించునది ఏమనగా, ఇచ్చట మేమందరమూ క్షేమము. నీవచ్చట క్షేమమని తలంచెదము.

ఇక్కడ టెట్టే గారిని ఆపాను. పోస్టాఫీసు వరండాలో బల్ల వేసుకుని ఉత్తరాలు రాసిపెట్టే ఈ పెద్దమనిషి పాతకాలపు గుమాస్తా. నేను ఒక్క మాటంటే ఆయన ఆరు రాస్తాడు. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. సరేనన్నాడు గానీ మొహం మాడ్చుకున్నాడు. ఇది కూడా రాయమన్నాను.

సంగతి ఇది. జిల్లా విద్యా కార్యాలయం నుంచి కబురు వచ్చింది. పోయినేడు ఎవడో బడికెళ్ళి పిల్లల ముందు నిప్పు మింగాడట, ముందు వరస పిల్ల గౌను అంటుకుందట. అందుకని ఇకమీదట బడుల్లో ప్రదర్శనలిచ్చే ప్రతివాడూ తాను ఏం మాట్లాడతాడో కాగితం మీద రాసి ఇవ్వాలి. ఆగస్టు నెలాఖరులో ముగ్గురు అధికారుల ముందు ఆ కాగితంలో ఉన్నట్టే ఆడి చూపించాలి. వాళ్ళు ఒప్పుకుంటే అనుమతి పత్రం, లేకపోతే ఇంట్లో కూర్చోవడం. ముప్ఫై ఏళ్ళుగా తాళ్ళ గారడీ చేస్తున్నానని చెప్పాను. ప్రొఫెసర్ తాడు అంటే ఈ జిల్లాలో తెలియని పిల్లవాడు లేడన్నాను. ఆ కుర్చీలో ఉన్నవాడు తలెత్తకుండానే, "అయితే ముప్ఫై ఏళ్ళ మాటలూ రాసుకురా" అన్నాడు.

నేను ఏం మాట్లాడతానో నాకేం తెలుసు? నోరు తెరిస్తే వస్తుంది. మన ఇంట్లో రాయడం వచ్చినదానివి నువ్వొక్కతివే. నువ్వే రాసి పంపు. నువ్వు చిన్నప్పుడు చూసినదే. మూడు తాళ్ళు, ఒకటి పొడుగు, ఒకటి మధ్యరకం, ఒకటి పొట్టి. మూడూ ఎడమ చేతిలో పట్టుకుంటాను. కింద వేలాడే కొసల్ని ఒక్కొక్కటే పైకి తెచ్చి అదే చేతిలో పెడతాను. లాగితే మూడూ ఒకే పొడుగు. మళ్ళీ లాగితే ఎప్పటిలాగే. మూడో కొస పైకి వచ్చాక అక్కడ నాకొక నవ్వు కావాలి, మూడుసార్లు ఊపిరి తీసేంతసేపు. మూడు ఊపిర్ల నవ్వు. మిగతాది నీ ఇష్టం.

అక్కడి బడిలో టీచరు పని మానేసి ఇంటికొచ్చేయాలని ఉందని మీ అమ్మకు రాశావట. మానకు.

(ఎడమ బొటనవేలి ముద్ర)
యావ్ ఒబెంగ్
వ్రాసినవారు: ఇ. టెట్టే

*

బొల్గటంగా దగ్గర,
1987 మార్చి 2.

మామయ్యకు,

నీ ఉత్తరం తొమ్మిది రోజులకు చేరింది. బడి మానను. ఆ రోజేదో అలసటలో రాశాను. ఒక్క గదిలో డెబ్బై నలుగురు పిల్లలు. ఉత్తరపు గాలి తెచ్చే దుమ్ము ఇంకా తగ్గలేదు. నల్లబల్ల తుడిచి వెనక్కి తిరిగేసరికి మళ్ళీ దుమ్ము కమ్ముతుంది, అక్షరాలు దుమ్ము మీద రాస్తున్నట్టుంటుంది. సాయంత్రానికి గొంతు పోతుంది. ఇక్కడివాళ్ళు చేసే జొన్నముద్ద తినడం మాత్రం నేర్చుకున్నాను.

నువ్వు అడిగింది శ్రద్ధగా రాశాను. చదివేది విద్యాశాఖవాళ్ళు కనుక చదువుకు పనికొచ్చేలా ఉండాలనుకున్నాను. మూడు తాళ్ళూ మూడు నదులు. పొడుగుది వోల్టా, మధ్యది ప్రా, పొట్టిది మన డెన్సు. ఒక్కొక్కటి ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుందో చెప్పాక, సముద్రంలో కలిసినప్పుడు చిన్నా పెద్దా తేడా ఉండదని చెప్పి తాళ్ళు లాగాలి. మూడో కొస దగ్గర, "పిల్లలూ, ఇప్పుడు డెన్సు నదిని జాగ్రత్తగా గమనించండి" అని ఒక వాక్యం పెట్టాను. దాని తర్వాత నువ్వు నవ్వించుకోవచ్చు.

ఒకటి అడుగుతాను. ఆ మూడు ఊపిర్లలో నీ చేతిలో ఏం జరుగుతుంది? తెలిస్తే ఇంకా బాగా రాస్తాను.

డాన్సోవా

*

అసామంకేసె,
1987 మార్చి 30.

టీచరమ్మ గారికి,

నీ నదులు ఎండిపోయాయి. మిషన్ బడిలో ఆడాను, నూట ఎనభైమంది పిల్లలు. నేను ప్రా నది పుట్టుక చెప్పడం మొదలుపెట్టగానే ముందు వరసలో ఇద్దరు నోటు పుస్తకాలు తీశారు. ముప్ఫై ఏళ్ళలో నా ఆటలో ఎవరూ నోట్సు రాసుకోలేదు. ఒక పిల్లవాడు లేచి, "సార్, వోల్టాను డెన్సుతో సమానం చేస్తే ఆనకట్టకు నీళ్ళెక్కడివి" అన్నాడు. తెలివైనవాడు. వాడి మీద నాకు కోపం లేదు. నీ మీదే.

"జాగ్రత్తగా గమనించండి" అని ఎక్కడ పెట్టావో తెలుసా? సరిగ్గా ఎవరూ చూడకూడదని నేను దేవుణ్ణి వేడుకునే చోట పెట్టావు. నూట ఎనభై జతల కళ్ళను నువ్వే చెయ్యి పట్టుకుని నా చేతి మీదికి తెచ్చావు. తాళ్ళు మళ్ళీ సంచిలో పెట్టి, నెత్తి మీద గుడ్డు నిలబెట్టి చూపించి బయటపడ్డాను.

టీచర్లకు చూడండి చూడండి అనడమే తెలుసు. నా పని అది కాదు. నవ్వంటే పలావులో చల్లే ఉల్లిపాయ ముక్కలనుకున్నావు. నవ్వు తెర. నవ్వేటప్పుడు మనిషి కళ్ళు మాట్లాడేవాడి మొహం మీద ఉంటాయి, లేకపోతే తనూ నవ్వుతున్నాడా అని పక్కవాడి మొహం మీద ఉంటాయి. చేతుల మీద ఉండవు. అంతే, ఇంతకంటే చెప్పను. మీ అమ్మకే చెప్పలేదు. పైగా ఈ వరండాలో నా వెనక నలుగురు ఉత్తరాలు రాయించుకోవడానికి నిలబడి ఉన్నారు, నలుగురివీ చెవులు బాగానే పనిచేస్తున్నాయి.

మళ్ళీ రాయి. పిల్లలు ఏది చూసి విసుక్కుంటారో దాని గురించి రాయి. నవ్వు ఈసారి ఐదు ఊపిర్లుండాలి. ఈ కాలం పిల్లల చూపు చురుకు.

(ఎడమ బొటనవేలి ముద్ర)
యావ్ ఒబెంగ్
వ్రాసినవారు: ఇ. టెట్టే

*

బొల్గటంగా దగ్గర,
1987 ఏప్రిల్ 24.

మామయ్యకు,

కోప్పడ్డావు, న్యాయమే. నేను చదివిన చదువంతా ఒకచోట చూపు నిలపమనే చెప్పింది. చూపు తప్పించడం ఎవరూ నేర్పలేదు.

పిల్లలు ఏది చూసి విసుక్కుంటారని అడిగావు కదా. నేను హాస్టల్లో ఆరేళ్ళున్నాను, నాకు తెలుసు. ఇదిగో, చదివించుకో.

"పిల్లలూ, ఇవి మీ బడిలో ఉన్న మూడు పొడవులు. ఇది మీ హెడ్‌మాస్టరు గారి ఉపన్యాసం. నేల మీద పాకుతోంది, ఎవరైనా ఆ కొస పట్టుకోండి. ఇది శనివారం మీకు బయటికి పోవడానికిచ్చే సెలవు. చూడటానికి బాగానే ఉంది గానీ బజారు మలుపు దాకా వచ్చేసరికి అయిపోతుంది. ఇక మూడోది. మూడోది ఏదీ? ఇప్పుడే ఇక్కడ ఉండాలి. అయ్యా, ఎవరి పళ్ళ సందులోనైనా ఉందేమో చూసుకోండి. ఆ, దొరికింది. ఇది పులుసులో చేప ముక్క."

ఇక్కడ కొసలు పైకి తెచ్చుకో. మూడోది పైకి వచ్చాక:

"నవ్వకండి, వంటావిడ వింటుంది. ఆవిడ నొచ్చుకుందంటే రేపటి నుంచి పులుసులో చేప ఉండదు, చేప బొమ్మ గీసిన కాగితం ఉంటుంది."

తాళ్ళు సమానమయ్యాక: "చూశారా, ఉపన్యాసం కురచైంది. చేప పెరిగింది. ఇలాంటి బడి ఎక్కడైనా ఉంటే చెప్పండి, నేనూ చేరతాను." మళ్ళీ ఎప్పటిలా అయ్యాక: "హెడ్‌మాస్టరు గారు నా వైపు చూస్తున్నారు. ఎవరివి వాళ్ళకు అప్పజెప్పేశాను సార్."

మా తరగతిలో చదివి వినిపించాను. పిల్లలు బాగా నవ్వారు.

డాన్సోవా

*

అసామంకేసె,
1987 మే 25.

డాన్సోవాకు,

చేప పని చేసింది. నాలుగు బడుల్లో ఆడాను. ఒకచోట వంటావిడే గుమ్మంలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. ఇంకోచోట హెడ్‌మాస్టరు లేచి ఉపన్యాసం ఇవ్వబోయి, పిల్లల మొహాలు చూసి కూర్చున్నాడు. ఆయన ముప్ఫై ఏళ్ళలో అంత చిన్నగా మాట్లాడింది అదేనట. టెట్టే గారు కూడా చదువుతూ చదువుతూ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇది తాను రాయనన్నాడు, రాయించాను.

ఒక్క మార్పు. వంటావిడ మాట తర్వాత ఇంకో మాట కావాలి. మొదటి నవ్వు దిగకముందే రెండోది ఎత్తుకోవాలి. మొత్తం ఎనిమిది ఊపిర్లు ఉండేలా చూడు. కొత్త తాళ్ళు కొన్నాను, బిరుసుగా ఉన్నాయి, మెత్తబడడానికి కొంత కాలం పడుతుంది.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. మీ అమ్మ కులాసా.

(ఎడమ బొటనవేలి ముద్ర)
యావ్ ఒబెంగ్
వ్రాసినవారు: ఇ. టెట్టే

*

బొల్గటంగా దగ్గర,
1987 జూన్ 12.

మామయ్యకు,

రెండో మాట రాసి ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. చేప ముక్క కోసం పెట్టిన క్యూలో మొదటివాడు పెద్దవాడైపోయి ఉద్యోగం కూడా చేస్తున్నాడని. ఎనిమిది ఊపిర్లు వస్తుందనుకుంటాను.

ఇప్పుడు నేను అడుగుతాను. నేను లెక్కలు కూడా చెప్తాను కదా. ఫిబ్రవరిలో మూడు. మార్చిలో ఐదు. మే నెలలో ఎనిమిది. పిల్లల చూపు నాలుగు నెలల్లో అంత చురుకవదు. బిరుసు తాళ్ళు నువ్వు కొనవు. నాకు తెలిసినప్పటి నుంచీ నీ తాళ్ళు నువ్వే ఉడకబెట్టి, బూడిదతో రుద్ది, నెల రోజులు ఆరబెట్టుకుంటావు. నా చిన్నప్పుడు ఆ తీగల కింద నుంచే కదా వంటింట్లోకి పోయేవాళ్ళం.

నీ ఉత్తరాలు మూడూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని చూశాను. మొదటి దాంట్లో నీ బొటనవేలి గీతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. రెండో దాంట్లో అంచు చెదిరింది. మూడో దాంట్లో సిరా పక్కకు లాక్కుపోయింది, నత్త పాకినట్టు.

ఎడమ చెయ్యే కదా? ఎప్పటి నుంచి? ఆసుపత్రికి వెళ్ళావా?

నేనూ ఒక అబద్ధం చెప్పాను. మా పిల్లలు నవ్వలేదు. వాళ్ళకు మన భాష రాదు. వాళ్ళ మాట నాకు ఇంకా సరిగ్గా రాదు. నేను చేప గురించి చెప్పి నేనే నవ్వాను, వాళ్ళు మర్యాదగా నా వైపు చూస్తూ కూర్చున్నారు. ఏడాది నుంచి నా రోజులన్నీ అలాగే ఉన్నాయి. నిన్ను నవ్వించే మాటలు రాస్తున్నదాన్ని కదా, అందుకే చెప్పలేకపోయాను.

డాన్సోవా

*

అసామంకేసె,
1987 జూన్ 29.

డాన్సోవా,

అడిగినది రాయి. అడగనిది రాయకు. నా చెయ్యి నా భుజానికే ఉంది. నన్ను పరీక్షించడానికి ముగ్గురు అధికారులు చాలు, నాలుగో దానివి నువ్వు అక్కరలేదు.

పన్నెండు ఊపిర్లు.

(ముద్ర)
యావ్ ఒబెంగ్
వ్రాసినవారు: ఇ. టెట్టే

అమ్మా, ఈ దిగువ నాలుగు వాక్యములు మీ మేనమామ గారు చెప్పినవి కావు. ఇతరుల సంగతులు వ్రాయుట నా వృత్తికి విరుద్ధము. అయితే వేలిముద్ర నా బల్ల మీద, నా సిరాతో జరుగు పని గనుక, ముద్ర వేయునప్పుడు గత రెండు ఉత్తరములుగా ఆయన మణికట్టు నేను పట్టుకొనుచున్నానని తెలుపుటలో తప్పు లేదని భావించితిని. వైద్యుని వద్దకు వెళ్ళినారు; నరముల బలహీనత అనియు, బలము తిరిగి రాదనియు చెప్పినారట. ఇ.టె.

*

బొల్గటంగా దగ్గర,
1987 జూలై 17.

మామయ్యకు,

టెట్టే గారూ, ముందు మీకు. దయచేసి ఈ ఉత్తరం వరండాలో వద్దు, ఆయన్ను ఇంటికి తీసుకెళ్ళి చదవండి.

మామయ్యా, నాకు తెలిసింది. ఎలా తెలిసిందని అడగకు. పన్నెండు ఊపిర్ల నవ్వు నేను రాయలేను. వారం రోజులు ప్రయత్నించాను. ఐదో ఊపిరి దాటాక మనుషులు నవ్వడం ఆపి, ఎందుకు నవ్వామా అని చూడటం మొదలుపెడతారు. నవ్వు పొడిగిస్తే రాదు. ఆ దారి మూసుకుపోయింది.

కానీ పోయిన మంగళవారం ఒకటి జరిగింది. మా బడికి ఒక అధికారి వచ్చి పిల్లలకు శుభ్రత గురించి చెప్పాడు. ఆయనకు ఇక్కడి భాష రాదు కనుక, మా బడిలోనే పనిచేసే అతింగా అనే ఆవిడ పక్కన నిలబడి ఒక్కొక్క వాక్యం తిప్పి చెప్పింది. ఆవిడ చేతులు ఆడించి, ఈగలా గిరికీలు కొట్టి, మురికి పిల్లవాడిలా గోక్కుని చెప్పింది. పిల్లలు పడీపడీ నవ్వారు. నేను వెనక నిలబడి ఉన్నాను. అంతసేపట్లో ఆ అధికారి కుర్చీలో కూర్చుని బూటు విప్పాడు, మేజోడు విప్పాడు, కాలివేళ్ళ మధ్య గోక్కున్నాడు, మేజోడు తిరగేసి దులిపాడు, మళ్ళీ తొడుక్కున్నాడు. శుభ్రత గురించి మాట్లాడటానికి వచ్చినవాడు. డెబ్బై నలుగురిలో ఒక్కరూ చూడలేదు. నేను ఊపిర్లు లెక్కపెట్టాను. ముప్ఫై ఒకటి.

అప్పుడు నాకు మన ఊరిని ఏలే చీఫ్ గుర్తొచ్చారు. మనవాళ్ళకు ఇది కొత్తా? చీఫ్ ఎప్పుడైనా జనంతో నేరుగా మాట్లాడారా? ఆయన గొడుగు కింద కూర్చుని గొణుగుతారు. పక్కన బంగారు తొడుగు కర్ర పట్టుకుని నిలబడే ఒచ్యామె ఆ గొణుగుడును నలుగురికీ వినిపించేలా, అలంకరించి చెప్తాడు. అందరి కళ్ళూ ఒచ్యామె మీదే. చీఫ్ కునుకు తీసినా ఎవరికీ తెలియదు. తెలియకూడదనే కదా ఆ ఏర్పాటు.

ఆగస్టు మధ్యలో నాకు సెలవులు. నేను వస్తాను. నువ్వు కూర్చో, గొడుగు కింద, ప్రొఫెసర్ తాడు లాగా కాదు, తాళ్ళ చీఫ్ లాగా. మాట్లాడవద్దు. నీ తరఫున నేను మాట్లాడతాను.

డాన్సోవా

*

అసామంకేసె,
1987 జూలై 31.

డాన్సోవాకు,

నాలుగు రోజుల కింద టెట్టే గారు ఇంటికొచ్చి చదివాడు. ఇవాళ రాయడానికి మళ్ళీ వస్తే మీ అమ్మ ఆయనకు పులిసిన మొక్కజొన్న ముద్ద కెంకె, మిరపకారం, వేయించిన చేప పెట్టింది. చేప ముక్క పెద్దదే. ఆయన చెమట తుడుచుకుంటూ రాస్తున్నాడు.

చెయ్యి పోతే పోయింది అనుకున్నాను, నోరుంది కదా అనుకున్నాను. ఇప్పుడు నువ్వొచ్చి నోరు కూడా పక్కన పెట్టమంటున్నావు. నోరు లేని ప్రొఫెసర్ బట్టలారేసుకునే గుంజ. రెండు చేతులతో తాడు పట్టుకుని నిలబడటానికి నేనెందుకు, ఇంటి ముందు రెండు గుంజలున్నాయి. ముప్ఫై ఏళ్ళు, డాన్సోవా. బడి గేటు దాటేటప్పుడే అరిచేవాణ్ణి, ఆఖరి గదిలో పిల్లలకు నేనొచ్చినట్టు తెలిసేది. ఈ నాలుగు రోజులుగా ఎవరితోనూ మాట్లాడలేదు, మాట్లాడకపోతే ఎలా ఉంటుందో చూద్దామని. చాలా అలసటగా ఉంది. మాట్లాడితే ఎప్పుడూ ఇంత అలసట రాలేదు.

ఆడపిల్ల ఒచ్యామె ఎక్కడుందని మీ అమ్మనడిగాను. రాణీమాతకు ఉంటారంది. మీ ఆడవాళ్ళంతా ఒకటి.

నువ్వు నాకు ఎడమ వైపు నిలబడాలి, కుడి వైపు కాదు. రెండడుగులు ముందుకు. కర్ర నేల మీద కొట్టేటప్పుడు గట్టిగా కొట్టు. ఏం జరిగినా వెనక్కి తిరిగి చూడకు. నీ తల తిరిగితే వాళ్ళ తలలు తిరుగుతాయి. ఏం జరిగినా.

వచ్చేటప్పుడు అక్కడి గడ్డితో అల్లిన టోపీ ఒకటి తీసుకురా. చీఫ్‌కు బోడి తల బాగుండదు.

(ముద్ర, మణికట్టు టెట్టే గారు పట్టుకున్నారు, ఇప్పుడు రాయవచ్చట)
యావ్ ఒబెంగ్

*

అసామంకేసె,
1987 సెప్టెంబర్ 14.

డాన్సోవాకు,

నువ్వెళ్ళిన నాలుగో రోజున అనుమతి పత్రం వచ్చింది. ఏడాదికి చెల్లుతుంది. ఇద్దరి పేర్లూ ఉన్నాయి. నీ పేరు ముందు వేశారు, టెట్టే గారు అక్షరక్రమం అంటున్నాడు, నేను నమ్మలేదు. మీ అమ్మ దాన్ని గోడకు అంటించింది. నీకున్నవి ఏడాదికి మూడు సెలవులే కనుక మనం ఆడేది మూడుసార్లే. మిగతా రోజులు తాళ్ళు తీగ మీదే ఉంటాయి. సరే.

నాకొకటి కావాలి. ముప్ఫై ఏళ్ళు నేను వాళ్ళ మొహాలు చూస్తూ ఆడాను. చేతులు వాటంతట అవే చేసుకునేవి. అధికారుల ముందు ఆడిన ఆ రోజు నేను మొహాలు చూడలేదు. మొదటిసారి నా చేతులనే చూసుకున్నాను. నువ్వు మాట్లాడుతుంటే నాకు నీ వీపు మాత్రం కనబడింది, చాక్‌పీసు మరకతో. ఆ ముగ్గురూ ఎలా ఉన్నారు? రాయి. తొందర లేదు.

నువ్వు మార్చిలో ఒకటి అడిగావు, నా చేతిలో ఏం జరుగుతుందని. క్రిస్మస్‌కు వచ్చినప్పుడు చెప్తాను. నా తర్వాత ఎవరికైనా తెలియాలి. మేనకోడలికి కాక ఎవరికి చెప్తాను.

(ముద్ర)
యావ్ ఒబెంగ్
వ్రాసినవారు: ఇ. టెట్టే

*

బొల్గటంగా దగ్గర,
1987 అక్టోబర్ 4.

మామయ్యకు,

బడి మొదలైంది. ఈసారి ఎనభై ఒక్కమంది. గొంతు మొదటి వారంలోనే పోయింది, అందుకే ఆలస్యం.

ఆ ముగ్గురి గురించి రాస్తాను. నేను నల్లబల్ల చూపించే కర్రకు ఎండుచేప కట్టి నేల మీద కొట్టగానే మధ్యలో కూర్చున్న లావుపాటాయన నవ్వడం మొదలుపెట్టాడు. నువ్వు నన్ను దగ్గరికి పిలిచి గొణగడం వాళ్ళందరూ చూశారు. చీఫ్ గారేదో గంభీరమైన సంగతి చెప్తున్నారనుకుని ఉంటారు. నువ్వు చెప్పింది "నీ వీపు మీద చాక్‌పీసు మరకుంది" అని. నేను నవ్వు ఆపుకుని, "చీఫ్ గారు సెలవిస్తున్నారు, ఈ సభలో చేప తినని నిజాయితీపరుడు ఒక్కడైనా ఉంటే ముందుకు రమ్మంటున్నారు" అన్నాను. ఆ మాట కాగితంలో లేదు. కుడి వైపు సన్నటాయన చేతిలో మనమిచ్చిన కాగితం ఉంది కదా, ఆ వాక్యం ఎక్కడుందా అని వెతకడం మొదలుపెట్టాడు. చివరిదాకా వెతుకుతూనే ఉన్నాడు. పాపం, ఆయన తాళ్ళను ఒక్కసారి కూడా చూడలేదు.

మూడో కొస దగ్గర నేను వంటావిడ మాట చెప్పాను. క్యూ మాట చెప్పాను. అప్పుడు వెనకాల నేల మీద మెత్తగా ఒక చప్పుడు వినబడింది. తాడు పడితే ఎలా ఉంటుందో నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. నా దగ్గర రాసిపెట్టుకున్న మాటలు అయిపోయాయి. తల తిప్పలేదు. కర్ర కొట్టాను. ఏం మాట్లాడానో నీకు వినబడే ఉంటుంది, నాకు మాత్రం సగమే గుర్తుంది. డెబ్బై నలుగురి గదిలో నేను చేప గురించి చెప్పి నేనే నవ్వుకున్న రోజు చెప్పాను. వాళ్ళకు నా భాష రాదని, ఒక్కరూ నవ్వలేదని, అయినా పీరియడ్ అయిపోయేదాకా చెప్పానని. లావుపాటాయన కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వాడు. నేను తమాషాకు కల్పించి చెప్పాననుకున్నాడు.

ఎడమ చివర కూర్చున్న ఆవిడ నవ్వలేదు. ఆవిడ నన్ను దాటి వెనక్కి చూసింది, కిందికి, నువ్వు వంగి తీసుకుంటున్న చోటికి. చాలాసేపు చూసింది. తర్వాత నా మొహం చూసింది. తర్వాత తన ముందున్న కాగితం మీదికి తల దించుకుని, నువ్వు తాళ్ళు లాగి మిగతా ఇద్దరూ చప్పట్లు కొట్టేదాకా ఎత్తలేదు. ఆవిడ కాగితంలో ఏం రాసిందో మన గోడ మీద ఉంది. ఎందుకు రాసిందో నాకు తెలియదు. ఇన్నాళ్ళూ నీకు చెప్పాలా వద్దా అని ఆలోచించాను. మనిద్దరం ఇక ఒకరికొకరం దాచుకోకుండా ఉంటే మేలనిపించి రాశాను.

మొత్తం ఇరవై రెండు ఊపిర్లు. నీకు తెలుసో లేదో.

క్రిస్మస్‌కు రహస్యం చెప్తానన్నావు. వద్దు మామయ్యా. మార్చిలో అయితే వెంటనే ఒప్పుకునేదాన్ని. ఇప్పుడు తెలిస్తే, ఆ క్షణం వచ్చినప్పుడు నా చూపు నాకు తెలియకుండానే అటు పోతుంది. నా వెంట అందరిదీ పోతుంది. నీ తర్వాత సంగతి నీ తర్వాత చూద్దాం. నువ్వున్నంతవరకూ నాకు తెలియకపోవడమే నా పని.

క్రిస్మస్‌కు కొత్త మాటలు రాయడం మొదలుపెట్టాను. ఎన్ని ఊపిర్లు కావాలో కబురు చెయ్యి. తక్కువ చేసి చెప్పకు.

డాన్సోవా